చుక్క పడని గ్లాండు

ఆళ్లగడ్డలో ఉన్న అన్న నరసింహులుకు బొంబాయి నుంచి తమ్ముడు ఓబులేసు నమస్కారాలు. నేను బాగున్నాను. నువ్వు, వదిన, అమ్మ, పిల్లలు అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాయన మోకాలి నొప్పి తగ్గిందా? మన పంపుల రిపేరు షెడ్డుకు వస్తున్నాడా? ఈ ఉత్తరం మాత్రం నాయనకు చదివి వినిపించొద్దు. పని బాగుందట, ఒళ్లు బాగుందట అని చెప్పి జేబులో పెట్టుకో.

ఒళ్లు నిజంగానే బాగుంది, దిగులు పడొద్దు. మనసే ఒకచోట నిలవడం లేదు. ఇక్కడ వాన పట్టుకుంటే వారమైనా వదలదు. ఆరని చొక్కానే వేసుకొని పనికి పోతాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. ఈ ఉత్తరమే మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. మెస్సులో పప్పులో కూడా బెల్లం వేస్తారు. ఉగ్గాని తలుచుకుంటే ఏడుపొస్తుంది. ఎవరైనా ఇటు వస్తుంటే వదిన చేతి బుడ్డల పొడి పంపించు.

ఫ్యాక్టరీలో నీ పనేంటని పోయిన ఉత్తరంలో అడిగావు. కంట్రోల్ వాల్వుల పని. మన కాలువ షట్టరును లస్కరు చేత్తో తిప్పుతాడు కదా, ఇక్కడ ఆ పని గాలి చేస్తుంది. వాల్వు నెత్తిన బోర్లించిన మూకుడు మాదిరి ఒక డబ్బా ఉంటుంది. అందులో డయాఫ్రం అనే రబ్బరు పొర, దాని కింద స్ప్రింగు. డబ్బాలోకి గాలి వదిలితే పొర కిందికి నొక్కుకుంటుంది. దానికి బిగించిన కడ్డీని స్టెమ్ము అంటారు. అది దిగి, కొసన ఉన్న ప్లగ్గును సీటు మీద కూర్చోబెడితే నీళ్లు ఆగుతాయి. గాలి పోతే స్ప్రింగు తనంతట తానే ప్లగ్గును లేపేస్తుంది. అంటే కంప్రెసర్ ఆగిపోయినా, వేడెక్కే తొట్టికి చల్లనీళ్లు అందుతూనే ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు దీన్ని కనిపెట్టినవాడికి దండం పెట్టాలనిపించింది. స్టెమ్ము వాల్వులోకి దిగేచోట నీళ్లు బయటికి కారకుండా మన పంపుకు ఉన్నట్టే గ్లాండు, అందులో నట్లతో బిగించే తాడు చుట్లు ఉంటాయి. నా కొంప ముంచింది ఆ గ్లాండే.

నాకు ఈ ఉద్యోగం ఇప్పించిన బేతంచెర్ల ఖాసింఅన్న సంగతి నీకు తెలుసు. ఒకే గదిలో ఉంటాం. ఆ రోజు చల్లనీళ్ల వాల్వు చూసి, షిఫ్టు పుస్తకంలో సంతకం పెట్టి, నన్ను పనిముట్లు ఎత్తిపెట్టి రమ్మని భోజనానికి పోయాడు. గ్లాండు దగ్గర రవ్వంత చెమ్మ కనబడింది. నాకు చేయి ఊరుకోలేదు. నాయన ఎప్పుడూ అనే మాట చెవిలో మోగింది. "చుక్క కారతాంటే అది రిపేరెట్లయితాదిరా? ఇంకా బిగియ్!" పెద్ద స్పానరు తీసుకొని బలం కొద్దీ బిగించాను. నాయన చేసినట్టే వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది. సంబరపడి, ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను.

మరునాటి మధ్యాహ్నం తొట్టి వేడెక్కింది. గాలి తీసేసినా వాల్వు తెరుచుకోలేదు. మనుషులు పరుగెత్తి పక్క పైపు వాల్వును చేత్తో తిప్పారు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు, తొట్టిలో సరుకు మాత్రం పాడైంది. తర్వాత విప్పి చూస్తే డయాఫ్రం బాగుంది, స్ప్రింగు బాగుంది. గ్లాండు నట్లు వదులు చేయగానే స్టెమ్ము ఎగిరి పైకి లేచింది. బిగువుకు కడ్డీ పట్టేసిందన్నమాట. పుస్తకంలో ఖాసింఅన్న సంతకం ఉంది కాబట్టి, విచారణ అయ్యేదాకా అతన్ని పనికి రావద్దన్నారు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను, నోరు తెరవలేదు. ఆ నెలే నా ఉద్యోగం ఖాయం కావాలి. గదికి పోతే ఖాసింఅన్న చేతులు చూసుకుంటూ కూర్చుని ఉండేవాడు. "నేనట్ల బిగియ్యనే ఓబులేసూ. ఇన్నేండ్లు చేసినోణ్ణి. బిగిస్తినేమో, మతికి రాలే" అనేవాడు. వంట చేసి నాకు పెట్టేవాడు. నేను తినేవాణ్ణి. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఐదో రోజు పొద్దున్నే ఇంజనీరు గదిలోకి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఖాసింఅన్నను వెంటనే పనిలోకి పిలిచారు. నన్ను వాల్వుల మీద నుంచి తీసి స్టోర్స్‌లో వేశారు. ఖాయం చేసే మాట ఇప్పట్లో లేదట. ఖాసింఅన్న ఒక్కటే అన్నాడు. "నాలుగు దినాలు నా చేతుల్ని నేనే తిట్టుకుంటాంటి గదరా. ముందే చెప్పింటే ఏం పోయేది నీకు?" ఇప్పటికీ ఒకే గిన్నెలో తింటాం, అవసరానికి మించి మాట్లాడడు. ఉద్యోగం కంటే అదే నన్ను తినేస్తోంది.

అన్నా, ఇంజనీరు ఇంకొక మాట కూడా అడిగాడు. ఇట్లా బిగించమని నీకెవరు నేర్పారని. నాయన పేరు నోటిదాకా వచ్చింది. ఎవరూ నేర్పలేదు, నాకే తోచి చేశానన్నాను. అంతా నిజం చెప్పి అదొక్కటే అబద్ధమాడాను. ఆయన కోప్పడలేదు. పంపుకైనా గ్లాండు దగ్గర చుక్క చుక్క పడుతుండాలి, ఆ తడి లేకపోతే రాపిడికి తాడు కాలి షాఫ్టు అరిగిపోతుందని కాగితం మీద గీసి చూపించాడు. నాకు గోస్పాడు రైతుల పంపులు కళ్ల ముందు తిరిగాయి. ఏటా షాఫ్టు మార్చేవాళ్లం. ప్రతిసారీ నాయన "నంద్యాల లేతు మిషనోడు పనికిరాని ఇనుము పెడతాండాడు" అని తిట్టేవాడు.

నాయనకు ఈ సంగతి నేను చెప్పలేను. నువ్వూ చెప్పొద్దు. ఆయన వేలు పెట్టి చూసి అటు పోయినాక, నువ్వు గ్లాండు నట్లు అర చుట్టు వదులు చేసి రైతుకు పంపు ఇచ్చేయి.

అమ్మకు, వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నాయన కాళ్లకు నా తరఫున దండం పెట్టు. ఆయన నేర్పిన పనితోనే ఇంతదూరం వచ్చానని చెప్పు. అది అబద్ధం కాదు.

మీ అందరి దీవెన కోరుకునే
తమ్ముడు ఓబులేసు