మూత మీద అంటించిన పాస్‌వర్డ్

మంగళవారం, రాత్రి

సాయంత్రం ఆరు గంటలకు తెలిసింది: చేపల చెరువుల మురుగు మీద మా పత్రికకి రాస్తున్న కథనం కోసం నాతో మాట్లాడిన నాగమణి గారి పేరు బయటివాళ్ల కంట పడి ఉండొచ్చు.

ల్యాప్‌టాప్ తెచ్చుకుందామని పటమట రిపేరు షాపుకి వెళితే మూత మీద తెల్ల టేపు అంటించి ఉంది. దాని మీద నా పేరు, కింద నా పాస్‌వర్డ్.

"అందరివీ అలాగే రాస్తామండీ. లేకపోతే స్క్రీన్ మార్చాక చెక్ చేసేదెలా?" అన్నాడు షాపతను.

మా నోట్సన్నీ గిట్ అనే ఆన్‌లైన్ ఖాతాలో దాచే శ్రావణికి ఆఫీసులో ఈ సంగతి చెప్పాను. మెషీన్ తెరిచి ఒక ఫైలు చూపించింది. గిట్ పాస్‌వర్డ్ అందులో ఎవరైనా చదవగలిగేలా ఉంది. ప్రతిసారీ అడగకుండా గుర్తుపెట్టుకోమంటే అది అలాగే రాసి పెట్టుకుంటుందట.

"తాళం బాగానే వేశారు సార్. తాళంచెవి మాత్రం గుమ్మానికే తగిలించారు," అంది.

పాస్‌వర్డ్ మార్చి, ఆ ఫైలు తీసేశాం. మెషీన్ మూడు రోజులు షాపులో ఉంది. నాగమణి గారి పేరున్న నోట్సు ఎవరైనా చూశారనడానికి ఆధారం లేదు, కానీ చూడలేదని నేను చెప్పలేను. నాగమణి గారు అమ్మే చేపలు ఆ చెరువులవే. పేరు పొక్కితే రేపటినుంచి చెరువులవాళ్లు ఆవిడకి సరుకు ఇవ్వరు.

ఆవిడ సరేననే దాకా కథనం పేజీలోకి వెళ్లదని డెస్కుకి చెప్పేశాను. తర్వాత ఆవిడకి ఫోన్ చేశాను.

"ఫోన్లో చెప్పకూడదా బాబూ?"

"కూడదండీ. ఎదురుగానే చెప్పాలి."

రేపు పొద్దున్న ఐదున్నరకి, చేపల మార్కెట్టు గేటు దగ్గర.