జానెడు దూరంలో గిలక్కాయ

అక్కా,

కాళ్ళూ చేతులూ బిగుసుకుపోతున్న నా కూతుర్ని ఎత్తుకోనని, నేలమీదే ఆడనిస్తానని ముప్పై ఏళ్ళ కిందట మాటిచ్చావు. నేను పనికి వెళ్ళగానే చంకనేసుకునేదానివి.

నీ మనవరాలిదీ అదే జబ్బు. నిన్న ఫిజియోథెరపిస్టు గిలక్కాయను జానెడు దూరంలో పెట్టి, "తనే అందుకోవాలి, మామ్మగారూ" అని చెప్పి వెళ్ళింది. పిల్ల చెయ్యి వణుకుతూ సాగింది. ఇంకో రెండంగుళాలు ఉందనగా నువ్వు తీసి చేతిలో పెట్టేసి, పిల్లను చంకనేసుకున్నావు.

"పసిది ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నావేరా, కసాయీ?" అన్నావు.

ఈ వయసులో పిల్ల తానుగా చేసిందే ఒంటబడుతుందని నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఈ ఏళ్ళు మళ్ళీ రావు. భయంగా ఉంది, పిల్లను కిందికి దించు.

నా కూతురు ఈ రోజుకీ మంచినీళ్ళ గ్లాసు అందుకోలేకపోతోంది. నువ్వు డాక్టర్లను తిడతావు, మా ఆవిడదే తప్పంటావు. నేను ఇప్పటికీ తప్పుపట్టేది నిన్నే, అక్కా.