బంగారుపాళ్యం దగ్గర జారిన కారు

మంగళవారం, రాత్రి. వాన ఇంకా వదల్లేదు.

మధ్యాహ్నం బంగారుపాళ్యం దాటాక వానకు రోడ్డే సరిగా కనిపించలేదు. అయినా వంద మీదే నడిపాను. ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగేసరికి బ్రేకు తొక్కాను. కారు నీళ్ల మీద జారి, గిర్రున తిరిగి, కాలవ అంచున ఆగింది. నా భార్య సరళ చనిపోయాక ఇంట్లో నా కోసం చూసేవాళ్లే లేరు. మరి నాకెందుకంత తొందర?

పక్కనే టీ కొట్టు నడిపే అవ్వ గోనెపట్ట కప్పుకుని పరిగెత్తుకొచ్చింది.

"దెబ్బలేమన్నా తగిలినాయా నాయనా? దిగి ఈడ కూర్చో. ఇంట్లో ఆయమ్మకు ఫోన్ చేసి చెప్పు, కాచుకోని ఉంటాది."

ఆమె లేదని చెప్పడానికి నోరు రాలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "వానగా ఉండాది సరళా, నిదానంగా వస్తాలే" అన్నాను. అవతల ఎవరూ లేరు. ఫోన్ జేబులో పెట్టేశాను.

అవ్వ టీ ఇచ్చి, "ఆయమ్మకు మాటిచ్చినావు గదా, మెల్లిగా పో" అంది.

తిరుపతి దాకా నలభై దాటలేదు. ఇంటి తాళం తీసి, లైటు వేసి, చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. చేరానని ఎవరికి చెప్పాలో తెలియలేదు.