పక్కింటి తెల్ల ఓక్‌ను నా చెట్టు ఎత్తుకు కత్తిరించుట గురించి

కౌంటీ చెట్ల అధికారి గారి సముఖమునకు, ఐర్లండులోని రింగాస్కిడీ ఊరి మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు కృష్ణప్రసాద్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పక్కింటి మహీధర్ పెరటిలోని తెల్ల ఓక్ చెట్టు మితిమీరి ఎదుగుట – తగు చర్య కోరుట.

ఇంగ్లీషులో నాకు కోపం సరిగా రానందున తెలుగులో వ్రాయుచున్నాను. తమ ఆఫీసులో మనవాళ్లెవరైనా ఉంటే చదివించుకొనగలరు.

1. సదరు మహీధరును నేనును ఒకే నర్సరీలో, ఒకే రోజున, ఒకే ఎత్తు మొక్కలు కొంటిమి. నేడు అతనిది మేడ కిటికీ దాటినది. నాది నా మోకాలు దాటలేదు. ఇదెక్కడి న్యాయం?

2. నా వైపు లోపమేమియు లేదు. మొక్కను ఈశాన్యంలో నాటితిని. అక్కడ బరువు కూడదని వాస్తు సిద్ధాంతి గారు ఫోనులో సెలవిచ్చినందున నైరృతికి మార్చితిని. అక్కడ చెత్త బిన్నులకు అడ్డమని నా భార్య శాంత అన్నందున దక్షిణానికి మార్చితిని. తల్లివేరు తెగితే ఓక్ కోలుకోదని మహీధర్ అప్పుడే చెప్పెను. అతను చెప్పినదే నిజమగుట వలన నాకు మరింత మంట.

3. ఆకు రాలు కాలమున సదరు చెట్టు ద్రాక్షరసం రంగుకు తిరుగును. దారిన పోవువారు ఆగి ఫోటోలు తీయుచున్నారు. శాంత కూడా వంటగది కిటికీ వద్ద నిలబడి, ఎంత బావుందోనని నాతోనే అనెను. ఆ పూట కూర మాడినది.

4. ఇది ముఖ్యము. ఈ దేశంలో ఎండ కాయునదే నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులును మా అమ్మాయి చరిత పుస్తకం పట్టుకొని ఆ చెట్టు కిందనే కూర్చొనుచున్నది. సొంత పెరడుండగా నా బిడ్డ పక్కింటి నీడకు పోతుంటే చూడలేకపోతున్నానయ్యా.

కావున సదరు చెట్టును నా చెట్టు ఎత్తుకు కత్తిరింపజేయ ప్రార్థన. ఇది ఓర్వలేనితనం కాదనియు, సమానత్వమేననియు తమరు చిత్తగించవలెను.

చెట్టు ఎదగని తమ విధేయుడు,
కృష్ణప్రసాద్

తా.క.: కవరు అంటించబోతుంటే మహీధర్ వచ్చాడు. చేతిలో కుండీ, అందులో కొత్త ఓక్ మొక్క. "అన్నయ్యా, మీకోసమే తెప్పించా. ఈసారి మాత్రం కదపకండి" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు చరిత దాన్ని తీసుకెళ్లి ఆ ఈశాన్యం మూలలోనే నాటేసింది. "ఇట్స్ గ్రాండ్ దేర్, డాడ్. లీవ్ ఇట్ అలోన్" అంది. ఆదివారం సిద్ధాంతి గారి ఫోను వస్తుంది. నా సంగతి నాకు తెలుసు. అందుచేత పై విన్నపం రద్దు చేసి, ఆ మొక్కను నేను ముట్టుకోరాదని నా పేరనే ఒక ఉత్తర్వు పంపండి. ఆదివారం లోపల పంపండి. పార ఇంకా నా దగ్గరే ఉంది.