అర్థం రాయని కార్డులు

మార్చి 3, సోమవారం

ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీలో ‘టి’ అక్షరం మొదలైంది. పెద్దాయన పొద్దున్నే నా టేబుల్ దగ్గరికొచ్చి, థ్రెడ్ నువ్వే చెయ్యవయ్యా, అది మీ ఇంటి మాటే కదా అన్నారు. అనేశాక నాలుక కరుచుకున్నారు. నలభై ఏళ్ళుగా డిక్షనరీలు చేయిస్తున్న ఎడిటర్. ఏ మాట ఎక్కడ అనకూడదో ఇంకా తెలియదు.

మా ఇంటి మాటే. మా ఆవిడ రఫూ చేసేది. చిరిగిన ప్యాంటు చేతికిస్తే, దాని లోపలి మడతలోంచే నాలుగు పోగులు లాగి, చిరుగు మీద అడ్డంగా నిలువుగా అల్లేది. తరవాత ఆ చిరుగు ఎక్కడుందో తొడుక్కునేవాడికి కూడా దొరికేది కాదు.

పోయి ఎనిమిది వారాలు.

మార్చి 4

దారం. నూలు. పోగు. పురి. పేట. తంతువు. స్క్రూకి మర. కథకి సూత్రం. ఎనిమిదీ గంటలో రాసేశాను. పురికీ పేటకీ తేడా దగ్గర పెన్ను ఆగింది. ఇలాంటప్పుడు ఇంట్లో కూర్చున్న చోటినుంచే అరిచేవాణ్ణి. కుట్టుమిషన్ ఆపకుండానే జవాబు చెప్పేది.

మార్చి 6, సాయంత్రం 5

డ్రైక్లీనింగ్ షాపతను వచ్చాడు. రఫూకిచ్చిన ప్యాంటు ఒకటి మా ఆవిడ దగ్గర ఉండిపోయిందట. వెతికితే మిషన్ సొరుగులో దొరికింది. మోకాలి దగ్గర చిరుగు సగం పూడింది. సూది అలాగే గుచ్చి ఉంది, దారం వేలాడుతోంది.

ఇవ్వనన్నాను. ఎవరి ప్యాంటో మీరు ఇవ్వనంటే ఎలాగండీ అన్నాడు. న్యాయమే. ఇంకొన్ని రోజులు ఉంచుకుంటానన్నాను. నా మొహం చూసి సరే అన్నాడు.

మార్చి 9, ఆదివారం

మరదలు వచ్చింది, వాళ్ళక్క బట్టలు సర్దడానికి. జనవరి నుంచి అందరితో అంటున్నదే ఆమెతోనూ అన్నాను. మీ అక్క నాకు అన్యాయం చేసింది, అంత జబ్బు కడుపులో దాచుకుంది, ఒక్క మాట చెప్పుంటే భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తేవాణ్ణి అని. డిసెంబర్‌లో డాక్టరు అన్నాడు కదా, నాలుగైదు నెలల ముందు తీసుకొచ్చుంటే బతికేది అని. ఆ నాలుగైదు నెలలూ నోరు మెదపలేదే అని.

మరదలు మడతపెడుతున్న బట్ట ఒళ్ళో పెట్టుకుంది. అక్క మీతో చెప్పింది బావగారూ, ఒక్కసారి కాదు అంది. మీరు రాసుకున్నారట కూడా. ఆయన రాసుకున్నారే, మర్చిపోరులే, ఆయనే చూస్తారు అని అక్క నాతో చెప్పింది అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధాలాడకన్నాను. చచ్చిపోయిన మనిషి పేరు చెప్పి నా నెత్తిన నింద వేస్తున్నావన్నాను. ఇంకా అనరానివి అన్నాను. బట్టలు ఎక్కడివక్కడ వదిలేసి వెళ్ళిపోయింది.

మార్చి 10

రాసుకోవడమేమిటి? నేనేమన్నా డాక్టర్నా?

మార్చి 12, ఉదయం 11

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

థ్రెడ్‌కి ఉదాహరణలు కావాలి. మా ఆఫీసు పద్ధతి ఒకటే. సొంతంగా అల్లకూడదు, ఎవరి నోటినుంచైనా వచ్చిన వాక్యమే కావాలి. విన్నవెంటనే కార్డు మీద రాయాలి: మాట, అర్థం, ప్రయోగం, మూలం, తేదీ. నిరుడంతా నేను ‘పి’లో ఉన్నాను. వేరే అక్షరాల మాటలు చెవిన పడితే కార్డు రాసి, తరవాత చూద్దామని చెప్పుల డబ్బాలో పడేసేవాణ్ణి. ఇవాళ ఆ డబ్బా తీశాను.

జూలై 9. “ఈ వారం సూదిలో దారం ఎక్కడం లేదండీ, చెయ్యి వణికిపోతోంది.” మూలం: మా ఆవిడ.

ఆగస్టు 21. “ఒంట్లో నూలుపోగంత ఓపిక లేదు.” మూలం: మా ఆవిడ.

అక్టోబర్ 2. “పొట్టలో ఎవరో దారం పట్టి లాగుతున్నట్టుంటోంది, పొద్దస్తమానం.” మూలం: మా ఆవిడ. మూలన ఎర్ర సిరాతో నా రాతే: చాలా బాగుంది, తప్పకుండా చేర్చాలి.

మూడింట్లోనూ అర్థం అన్న గీత ఖాళీ. తరవాత రాద్దామని వదిలేశాను.

అక్టోబర్‌ది గుర్తుంది. పెన్ను కోసం తడుముకుంటూ, ఆగాగు, మళ్ళీ చెప్పు, నెమ్మదిగా అన్నాను. మళ్ళీ చెప్పింది. నెమ్మదిగా, నేను రాయడానికి వీలుగా, మాట మాటకీ ఆగుతూ చెప్పింది. రాసుకున్నారా అని అడిగింది. ఆఁ, రాసుకున్నా అన్నాను. ఎంత నిశ్చింతగా వెళ్ళి మిషన్ ముందు కూర్చుందో!

మార్చి 13

ఆఫీసుకి వెళ్ళలేదు. ఇంట్లో ఏ మూలకెళ్ళినా ఆ గొంతే, మాట మాటకీ ఆగుతూ.

మార్చి 16, ఆదివారం

మరదలి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే మూడు కార్డులూ చేతికిచ్చాను. నిలబడే చదివింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండును. మంచినీళ్ళు తెచ్చిచ్చి, కూర్చోండి బావగారూ అంది.

నేను అబద్ధాలకోరునమ్మా, నువ్వు కాదు అన్నాను. అలా అనకండి అనలేదు. అక్టోబర్ కార్డు తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగింది. అందులో మాట అచ్చం అక్క అన్నట్టే ఉందట. ఉంచుకోమన్నాను. వచ్చేటప్పుడు, డ్రైక్లీనింగ్ ప్యాంటు సంగతి చెప్పాను. పంపండి, మిగతాది నేను పూర్తి చేస్తా, అక్క నేర్పిందేగా అంది. అప్పుడు ఏడ్చాం ఇద్దరం.

మార్చి 20

పెద్దాయనకి థ్రెడ్ ఇచ్చాను. మిగిలిన రెండు కార్డులూ పైనే పెట్టాను. చదివి, ఆహా, ఎంత సహజంగా ఉన్నాయయ్యా, ఎవరన్నారు అన్నారు. మూలం చూడండన్నాను. చూశారు. తేదీలు కూడా చూశారు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. వీటిని వదిలేద్దాంలే, వేరేవి వెతుకుదాం అన్నారు.

వద్దు, ఉంచండి అన్నాను. ఆమె చెప్పింది ఈసారైనా ఎవరో ఒకరు వినాలి.

అలాగైతే అర్థం రాయాలి కదయ్యా, ఖాళీగా ఉంటే అచ్చుకి పోదు అన్నారు.

మార్చి 21, ఉదయం 10

మాట: దారం.
ప్రయోగం: “ఈ వారం సూదిలో దారం ఎక్కడం లేదండీ, చెయ్యి వణికిపోతోంది.”
మూలం: మా ఆవిడ, జూలై 9.
అర్థం: నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.