వాటాదారులు

తాడేపల్లిగూడెం,
6-5-2025.

వదిన లక్ష్మీకాంతం గారికి,

దుర్గ నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. మీ మోకాలు కాస్త వంగుతోందనీ, అన్నయ్య బీపీ మాత్ర మానకుండా వేసుకుంటున్నాడనీ తలుస్తాను. ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటి అనుకుంటారేమో. ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకరు పెట్టి, మీకంటే ముందు తనే జవాబు చెప్పేస్తాడు. అందుకని.

మీరిచ్చిన మినుములు ఎండబెట్టి డబ్బాకెత్తాను. సంచి ఉతికి మడతపెట్టాను, అటు వచ్చేవాళ్ళుంటే పంపుతాను. నా ఆన్‌లైన్ చదువు అయిపోయింది. పర్యావరణ పరిరక్షణలో సర్టిఫికెట్ వచ్చింది. ఆరు నెలలపాటు మధ్యాహ్నం అంట్లు తోముకుని, ఫోన్‌ని కందిపప్పు డబ్బాకి ఆనించి పాఠాలు విన్నాను. ఈ వయసులో నీకు పరీక్షలేంటే, కొల్లేట్లో కొరమేనులకి ట్యూషన్ చెబుతావా అని మావారు నవ్వేవారు. నవ్వనిచ్చాను.

ఇక అసలు సంగతి. ఉగాదికి వచ్చినప్పుడు మీరు నన్ను ఒకటే అడిగారు. మీ ఇంటెనక రేవునీ, దాని ముందున్న ఆ కాస్త ఖాళీ నీటినీ అన్నయ్య చేపల చెరువులో కలిపెయ్యకుండా ఆపమన్నారు. మూడు వైపులా చెరువులే, ఈ వైపు కూడా గట్టు పోస్తే గేదెలు ఎక్కడ దిగుతాయే, పొద్దున్నే తలుపు తీసి నేను దేన్ని చూడాలే అన్నారు. చదువుకుంటున్నావు, నీ మాటైతే వింటాడన్నారు.

విన్నాడు వదినా. అంతా విన్నాడు. అదే నా బాధ.

మర్నాడు మీరు వంటలో ఉండగా నన్ను దోనెలో తీసుకెళ్ళాడు. చదువు కోసం గట్టు కనపడని కొల్లేరు ఫోటో ఒకటి కావాలన్నాను. నాలుగు వైపులా తిప్పాడు. ఫోన్ ఎటు పెట్టినా ఏదో ఒక గట్టు. అయితే కళ్ళు మూసుకుని తియ్యవే అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. చివరికి మీ రేవు ముందుకొచ్చాక దొరికింది. కిక్కిస దుబ్బుల్లో రెండు గూడకొంగలు, వాటి వెనక ఉత్త నీళ్ళు.

ఆ ఫోటో చూపిస్తూనే అడిగాను. నేర్చుకున్నదంతా వరసగా చెప్పాను. నీళ్ళు నిలిచే జాగా పోతే వానాకాలం ఆ నీళ్ళు ఊళ్ళోకే వస్తాయన్నాను. చేపల మేత కుళ్ళు బోరులోకి దిగుతుందన్నాను. దిగడమేంటే, దిగింది, అందుకేగా నీళ్ళ డబ్బాలు కొనుక్కుంటున్నాం అన్నాడు. నేను పొయ్యకపోతే ఆ గట్టు ఇంకొకడు పోస్తాడు, అప్పుడు రేవూ ఉండదు, చెరువూ ఉండదు అన్నాడు. 

ఆఖరికి పాఠం చెప్పే మేడం గారి మాటే అప్పజెప్పాను. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే కింద తెలుగులో అక్షరాలు వస్తాయి. చిత్తడి నేలను కాపాడాలంటే వాటాదారులందరినీ కలుపుకోవాలి అని వచ్చింది. అలాగే రాసుకున్నాను, అలాగే చెప్పాను. అన్నయ్య తెడ్డు ఆపి నా వంక చూశాడు. మరి నేను చేసిందదేగా, నలుగురు వాటాదారులం కలిశాకే పొక్లెయిన్ మాట్లాడాం అన్నాడు. వెటకారం కాదు వదినా. మీ మేడం మంచి మాటే చెప్పిందే అన్నాడు.

ఇంటికొచ్చాక మేడం గారిని నా వచ్చీరాని ఇంగ్లీషులోనే ఆన్‌లైన్‌లో అడిగాను. ఆ మాటకి అర్థం అది కాదట. ఆ నీటి మీద ఆధారపడ్డ వాళ్ళందరూ అనట. అంటే మీరు, మీ గేదెలు, ఆ గూడకొంగలు. మరి తెలుగులో ఏమనాలి అని అడిగితే, తనకి తెలుగు రాదన్నారు.

అర్జీ పెడదామని కూడా కూర్చున్నాను. కింద సంతకాలు మీవి, నావి. పైన ముద్దాయి మీ ఆయన, మా అన్నయ్య. పెన్ను అక్కడే ఆగిపోయింది.

వచ్చే సోమవారం పొక్లెయిన్ వస్తోంది. నేను ఆపలేకపోయాను. ఈలోగా గేదెల్ని కాలవ వైపు తోలడం అలవాటు చెయ్యండి. రేవులో అమ్మ వేయించిన బట్టలుతుక్కునే బండ ఉంది కదా, మనుషుల్ని పెట్టి దాన్ని పెరట్లోకి తెప్పించుకోండి. ఒకసారి మట్టి కిందకి పోతే మళ్ళీ దొరకదు. ఇంతకంటే పనికొచ్చే మాట చెప్పడానికి నా చదువులో ఏమీ మిగల్లేదు.

మోకాలికి ఆవనూనె రాస్తూ ఉండండి.

మీ ఆడపడుచు,
లక్ష్మీదుర్గ

తా.క. అన్నయ్య నలుగురు వాటాదారులన్నాడు కదా. మీకు ముగ్గురే తెలుసు: అన్నయ్య, కనకరాజు, భీమవరం ఆయన. నాలుగో వాటా ఎవరిదని దోనెలోనే అడిగాను. మీ ఆయన్నే అడగవే అని తలతిప్పుకున్నాడు. ఇంటికొచ్చి మావారిని అడిగాను. పాలవాడి లెక్కతో సహా రాసుకునే నాకు ఇంట్లో జరిగిన ఈ సంగతి తెలియలేదు. పేరు తీసెయ్యమన్నాను. తీసేస్తే ఆ వాటాకి ఇంకో ఇద్దరు కాసుకుని ఉన్నారట. చివరి పరీక్షలో, మీ ప్రాంతపు చిత్తడి నేలకి వాటాదారులెవరో పేర్లు రాయండి అని అడిగారు. అర్థం తెలిసి కూడా ఆ నలుగురి పేర్లే రాశాను. నాలుగోది నాదే వదినా. పూర్తి మార్కులు వేశారు.