మూడో ఫిల్మ్

నార్పోలి,
శుక్రవారం.

పూజ్యులైన పెద్దబాపుకు,

మీరు మగ్గాల యజమాని వర్గం. "పూజ్యులైన" అన్న మాట బాపు పక్కన కూర్చుని రాయించాడు.

ఆదివారం అనిత అక్క పెండ్లిలో ఇంకో మూడు వందల మందికి వంట చేయించండి. కారణం చెప్తాను, కోపం తెచ్చుకోకండి. వస్తే అది మీ వర్గ స్వభావం.

అక్క పెండ్లి కార్డుల స్క్రీన్ ప్రింటింగ్ కోసం మీరిచ్చిన ఇంక్‌జెట్ ప్రింటర్ మీదే మా బోనస్ పోరాట కరపత్రానికి కూడా ఫిల్మ్, అంటే అచ్చు దించే పారదర్శక షీటు, తీశాను. దాని నలుపు పలుచన. అక్షరాల్లోంచి వెలుగు దూరకుండా ఒకే ఫిల్మ్‌ను రెండుసార్లు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి స్క్రీన్ మీదికి ఎక్కిస్తాను. ఈసారి వాటి అడుగున మూడోది అతుక్కుని ఉంది. అది మీ పెండ్లి కార్డు కింది సగం. సభ తేదీ, చోటు తేలక నేను వదిలిన ఖాళీలో అది సరిగ్గా కూర్చుంది.

"కార్మికులారా, కదలి రండి! ఆదివారం పదకొండు గంటలకు, మంగళ కార్యాలయంలో. విందు కలదు. ఆహ్వానించువారు" అని అక్క పెండ్లి హాలుకే పిలుపు, కింద మీ పేరు.

ఆవేశంలో చదవకుండానే మూడు వందలూ పంచేశాను.

పొరపాటు చెబుదామని నిన్న మీ కార్ఖానాకు పోయాను. కండెలు చుట్టే వెంకవ్వ కొత్త చీర చూపించింది.

"ఇరవై ఏండ్లల్ల సేటు మమ్ముల పెండ్లికి పిలుసుడు గిదే మొదలు బిడ్డా," అన్నది. "గని నినాదాలు బువ్వకు ముందా, తిన్నంకనా?"

తిన్న తర్వాతే అని చెప్పి వచ్చాను.

మీ తమ్ముని కొడుకు